మొదటి నిమిషం

2025 జూలై చివర్లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ బ్రాడ్ స్ట్రీట్‌లో కాలు పెట్టడానికి చోటు లేదు. నల్ల టీషర్టుల్లో తాతలు, వాళ్ల భుజాల మీద మనవలు, ఆఫీసుల్లోంచి దిగివచ్చినవాళ్లు. బ్లాక్ సాబత్ అనే రాక్ బ్యాండు గాయకుడు ఓజీ ఆస్బోర్న్ శవపేటిక ఉన్న కారు మెల్లగా వస్తోంది. దాని ముందు ఒక బ్యాండు నడుస్తోంది. మన పెళ్లి ఊరేగింపుల్లో ఉండే బ్యాండు మేళం లాంటిదే: బాకాలు, పెద్ద డ్రమ్ము. వాళ్లు వాయిస్తున్నవి బ్లాక్ సాబత్ పాటలు. చావు ఊరేగింపులో ఆ బాకాలు వింటుంటే మా ఊళ్లో డప్పుల వెనక నడిచిన రోజులు గుర్తొచ్చాయి.

నేనూ మా ఆవిడా కాలువ వంతెన దగ్గర నిలబడ్డాం. ఆ వంతెనకు ఇప్పుడు బ్లాక్ సాబత్ పేరే పెట్టారు. దాని మీద నలుగురి ముఖాలతో ఒక లోహపు బెంచీ ఉంటుంది. ఆ రోజు పూల మధ్య దాన్ని వెతుక్కోవాల్సి వచ్చింది. కారు అక్కడ ఆగింది. కుటుంబం దిగి పూలు పెట్టింది. చుట్టూ చాలామంది ఏడుస్తున్నారు. నాకు మాత్రం కన్నీళ్లు రాలేదు.

తర్వాత పక్క వీధిలో ఒక చిన్న కెఫేలో కూర్చున్నాం. పక్క టేబుల్ దగ్గర పెద్దాయన గుడ్లూ రొట్టే ముందు పెట్టుకుని హెచ్‌పీ సాస్ సీసా మూత తీశాడు. ఆ పుల్లటి వాసన తగలగానే నాకు గొంతు పట్టేసింది. మా ఆవిడ ఏమీ అడగకుండా మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపింది. ఎందుకో ఆమెకు తెలుసు.

*

ఆ గోధుమరంగు సాస్‌లో వెనిగర్, టమాటా, ఖర్జూరం, బెల్లప్పాకం లాంటి మొలాసిస్‌తో పాటు చింతపండు కూడా పడుతుంది. నేను ఆ దేశం వచ్చిన కొత్తలో దాన్ని బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ పేటలోనే తయారుచేసేవాళ్లు. ఎక్స్‌ప్రెస్‌వే అని పెద్ద రోడ్డు, దానికి ఆనుకుని ఫ్యాక్టరీ. రోడ్డుకు ఇవతలి నుంచి అవతలికి పైనుంచి ఒక గొట్టం వెళ్లేది, అందులో వెనిగర్ పారేది. గాలి మా వైపు తిరిగితే వీధి వీధంతా పులుసు కాగుతున్నట్టు ఉండేది. మొదటిసారి బస్సు దిగిన సాయంత్రం, చేతిలో సూట్‌కేసు, ముఖానికి చల్లగాలి, ఆ గాలిలో చింతపండు వాసన. విశాఖపట్నంలో మా వంటింటి గుమ్మం ముందు దిగినట్టు ఒక్క క్షణం అనిపించింది.

ఆంధ్రా మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్, ఆ తర్వాత కొన్నాళ్లు ఉద్యోగం, ఆ తర్వాత బయటి దేశాల డాక్టర్లకు బ్రిటన్‌లో పెట్టే ప్లాబ్ పరీక్ష రాయడానికి ఇంగ్లండ్. నా తోటివాళ్లు చాలామంది లండన్ ఈస్ట్ హామ్‌లో ఒక్కో గదికి నలుగురు చొప్పున సర్దుకునేవాళ్లు. నాకు మాత్రం ఒక సీనియర్ ఆస్టన్‌లో ఒక పెద్దావిడ ఇంటి చిరునామా ఇచ్చాడు. "పైగది ఖాళీగా ఉంది, అద్దె తక్కువ, చదువుకోవడానికి ప్రశాంతంగా ఉంటుంది" అన్నాడు. ఎర్ర ఇటుకల ఇళ్ల వరుస, ఒకదాని గోడ ఇంకోదానికి ఆనుకుని ఉండేది. తలుపు తీస్తే నేరుగా ఫుట్‌పాత్. వీధి చివర తలెత్తితే విల్లా పార్క్ స్టేడియం. మ్యాచ్ ఉన్న శనివారం గోల్ పడితే మా కిటికీ అద్దాలు కూడా అరిచేవి.

తలుపు తీసిన పెద్దావిడకు 75 దాటి ఉంటాయి. సన్నగా, ఏప్రాన్ కట్టుకుని, తడి చేతులు తుడుచుకుంటూ నన్ను పైనుంచి కిందికి చూసి, "లోపలికి రా బాబ్, చలిలో నిలబడకు" అంది. బర్మింగ్‌హామ్‌లో పాతకాలం వాళ్లు ఆప్యాయంగా పిలిచే మాట అది, 'బాబ్'. ఆడా మగా తేడా లేదు, అందరూ వాళ్లకు బాబే. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం నా చెవికి అది మా అమ్మ పిలిచే 'బాబూ' లాగే వినిపించింది. ఆవిణ్ణి పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. వాళ్లబ్బాయి 'మామ్' అని పిలిచేవాడు. నాలుగు రోజుల్లో నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను.

*

వాళ్లబ్బాయి అంటే కుర్రాడేం కాదు, యాభైకి దగ్గర పడ్డవాడు. కార్లకు రేకులు వత్తే ప్రెస్ షాపులో పని. భార్యతో విడిపోయి తల్లి దగ్గరికి వచ్చేశాడు. సాయంత్రం రాగానే వంటింటి సింకు దగ్గర నిలబడి స్వార్ఫీగా అనే ఆకుపచ్చ జిగురుతో మోచేతుల దాకా రుద్దుకునేవాడు. ఎంత రుద్దినా గోళ్ల చుట్టూ నలుపు పోయేది కాదు. టీ తాగి, ముందు గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేవాడు. అప్పుడు మొదలయ్యేది.

మొదట్లో అది నాకు పాటగా తెలియలేదు. నా గది నేల చెక్కది. పుస్తకం ముందు కూర్చుంటే అరికాళ్లకు ఏదో తగిలేది. భారీగా, మెల్లగా, ఒక పెద్ద ఇనుప మనిషి ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుంటూ కిందిగదిలో నడుస్తున్నట్టు ఉండేది. మూడో రోజో నాలుగో రోజో దిగివెళ్లి తలుపు తట్టాను. ఫిర్యాదు చెయ్యడానికి వచ్చాననుకున్నాడు పాపం, వెంటనే సౌండ్ తగ్గించాడు. "అది కాదు, అదేమిటో చూద్దామని వచ్చాను" అన్నాను. కాసేపు నా ముఖంలోకి చూసి కుర్చీ మీది పేపర్లు తీసి, "కూర్చో డాక్" అన్నాడు. ప్లాబ్ కూడా పాసవని నన్ను ఆ దేశంలో మొదట డాక్టర్ అని పిలిచింది అతనే.

నేను విన్న అడుగులు 'ఐరన్ మ్యాన్' పాటవి. ఆల్బమ్ పేరు 'పారనాయిడ్'. బ్లాక్ సాబత్ రెండో ఆల్బమ్, 1970 సెప్టెంబరులో వచ్చింది. నాకు ఆ రోజుకి పాశ్చాత్య సంగీతం అంటే కాలేజీ హాస్టల్లో వినపడిన నాలుగు పాటలు, అంతే. ఘంటసాల, సుశీల, ఆకాశవాణి విజయవాడ కేంద్రం భక్తిరంజని, వీటితో పెరిగినవాణ్ణి. ఈ బ్యాండు గురించి తెలిసిందల్లా వాళ్లు దెయ్యాల పాటలు పాడతారనీ, దేవుడంటే పడదనీ. ఆ మాట చెబితే అతను కోప్పడలేదు. "ఇది విన్న తర్వాత చెప్పు" అన్నాడు.

అతను రికార్డు పట్టుకునే తీరు నాకింకా కళ్లముందు ఉంది. అంచులు మాత్రమే ముట్టుకునేవాడు, రెండు అరచేతుల మధ్య, పసిబిడ్డకు నీళ్లు పోసేటప్పుడు పట్టుకున్నట్టు. ఒక వైపు లేబుల్ మీద అక్షరాలకు బదులు నలుపూ తెలుపూ సుడి. వెర్టిగో కంపెనీ గుర్తు. రికార్డు తిరగడం మొదలెట్టగానే ఆ సుడి లోపలికి కుంగుతున్నట్టు ఉండేది. చూస్తూ ఉంటే కళ్లు తిప్పుకోలేం. మధ్యలో నూతిలాగా ఒక గుంట, దాంట్లోకి గదంతా జారిపోతున్నట్టు. రాత్రి పూట దీపం తగ్గించి ఆ సుడిని చూస్తూ ఆ పాటలు విన్నవాళ్లకు ఈ ఆల్బమ్ ఎందుకంత చీకటిగా, గుట్టుగా తోచిందో నేను వేరే చెప్పక్కర్లేదు.

అట్ట ఇంకా వింత. రాత్రి అడవిలో చెట్ల మధ్య కత్తీ డాలూ పట్టుకుని మన మీదికి దూకుతున్న మనిషి, కదిలిపోయిన ఫొటోలాగా రంగులు చెదిరి ఉంటాడు. 'పారనాయిడ్' అనే మాటకీ ఈ కత్తికీ ఏమిటి సంబంధమని ఎన్ని రోజులు ఆలోచించానో. ఒక రోజు అడిగేశాను. ఆల్బమ్‌కు ముందు అనుకున్న పేరు 'వార్ పిగ్స్'. అట్ట దానికోసం తయారైంది. రికార్డు నిడివి సరిపోక చివర్లో కొద్ది నిమిషాల్లో కట్టిన 'పారనాయిడ్' పాట సింగిల్‌గా విడుదలై బ్రిటన్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. కంపెనీ పేరు మార్చింది, బొమ్మ మాత్రం అలాగే ఉండిపోయింది. ఆల్బమ్ నంబర్ వన్ అయింది.

*

అతనికి ఆ నలుగురూ టీవీలో మనుషులు కారు, వీధి మనుషులు. ఓజీ పెరిగిన లాడ్జ్ రోడ్ మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరం. ఓజీ తండ్రి పనిముట్లు చేసే కార్మికుడు, రాత్రి షిఫ్టు. తల్లి లూకస్ ఫ్యాక్టరీలో. ఓజీ కూడా కొన్నాళ్లు అక్కడే కారు హారన్లకు శ్రుతి సరిచేసే పని చేశాడు. తర్వాత కబేళాలో. గిటారు టోనీ ఐయోమీ, బేసు గీజర్ బట్లర్, డ్రమ్స్ బిల్ వార్డ్. అందరూ ఆస్టన్ వాళ్లే. పాటల్లో మాటలు ఎక్కువగా గీజర్‌వి. బ్యాండుకు ఎర్త్ అని పేరున్న రోజుల్లో స్టేషన్ స్ట్రీట్‌లోని క్రౌన్ పబ్బు మేడ మీద వాళ్లను చూశానని అతను ఎన్నిసార్లు చెప్పాడో.

ఐయోమీ వేళ్ల కథ మాత్రం నాకు ఒక ప్రత్యేకమైన రోజున చెప్పాడు. అప్పుడు నేను ఒక ఆసుపత్రి క్యాజువాల్టీలో జీతం లేని అటాచ్‌మెంట్ చేస్తున్నాను. ఆ పగలు ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాడు వచ్చాడు, ప్రెస్ కింద వేలు పడింది. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో షిప్‌యార్డు నుంచి, వర్క్‌షాపుల నుంచి వచ్చే అలాంటి చేతులు చాలా చూశాను. అయినా ఆ కుర్రాడు "నేను ఇంక ఏ పని చెయ్యను?" అని అడిగిన తీరు మనసులోంచి పోలేదు. రాత్రి అన్నం సయించలేదు. కింద ఆ మాట చెప్పాను.

అతను రికార్డు ఆపాడు. ఐయోమీకి 17 ఏళ్లప్పుడు రేకుల ఫ్యాక్టరీలో అదే ఆఖరి రోజు. ఆ రోజు యంత్రం కింద పడి కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం, కాబట్టి తీగలు నొక్కేది ఆ కుడిచేతితోనే. ఇంక గిటారు ముగిసిందనుకున్నాడు. అప్పుడు ఫ్యాక్టరీలో పైవాడు ఒకాయన ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. జాంగో రైన్‌హార్ట్, నిప్పులో కాలిన చేత్తో రెండు వేళ్లతోనే గిటారు వాయించి పేరు తెచ్చుకున్నవాడు. దాంతో ఐయోమీ అంట్లు తోమే లిక్విడ్ ప్లాస్టిక్ సీసా కరిగించి, వేళ్ల కొసలకు టోపీల్లాంటి తొడుగులు చేసుకుని, పైన తోలు ముక్క అతికించాడు. గట్టి తీగలు నొక్కలేక సన్నవి వేసుకున్నాడు.

డాక్టరుగా నాకు ఆ కథలో కనపడింది వేరు. వేలి కొసలో నరాలు కిక్కిరిసి ఉంటాయి. ఒంట్లో స్పర్శ అంత పదునుగా ఉండే చోటు ఇంకొకటి దాదాపు ఉండదు. అది పోయినవాడికి తీగ ఎక్కడుందో తెలియదు, నొప్పి మాత్రం తెలుస్తుంది. తెలియని చోట నొక్కాలంటే చూసుకుని, గట్టిగా, ఆగి ఆగి నొక్కాలి. 'ఐరన్ మ్యాన్'లో ఆ అడుగులు అంత బరువుగా పడటానికి ఆ తొడుగులు కూడా కారణమని నా నమ్మకం. మరునాడు వార్డుకు వెళ్లి ఆ కుర్రాడికి ఈ కథ చెప్పాను. వాడు ఆ బ్యాండు పేరు వినగానే నవ్వాడు. "మా నాన్నకిష్టం" అన్నాడు.

*

నెల గడిచాక ఒక సంగతి గమనించాను. మొదటి వైపు మొదటి పాట 'వార్ పిగ్స్'. అతను ఎప్పుడూ దాన్ని అంచు నుంచి పెట్టేవాడు కాదు. వంగి, ఊపిరి బిగబట్టి, ముల్లును కొద్దిగా లోపలికి, సరిగ్గా ఒక చోట దించేవాడు. టక్కున చిన్న చప్పుడు, ఆ వెంటనే డ్రమ్స్ తాళాలు టిక్కు టిక్కుమంటూ మొదలు. గుడ్డివాడు కూడా తన ఇంటి గొళ్లెం పట్టుకుంటాడే, అలా ప్రతిసారీ అదే చోటు. పాట మొదలే అంత అనుకున్నాను.

మామ్‌కి ఆ పాటలంటే విసుగు లేదు. కొడుకు రోజంతా ప్రెస్ చప్పుడులో బతుకుతాడు కాబట్టి ఇంట్లో కూడా చప్పుడే కావాలని ఆవిడ అనుకునేది. ఒక్క పాటకు మాత్రం వంటింట్లోంచి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడేది. 'ప్లానెట్ క్యారవాన్'. ఆ ఆల్బమ్ అంతటిలో నెమ్మదైన పాట. ఓజీ గొంతును తిరిగే స్పీకర్ గుండా పంపించి రికార్డు చేశారు. అందుకే నీళ్ల అడుగు నుంచి పాడుతున్నట్టు వినపడుతుంది. చేతి డప్పుల్లాంటి కాంగాలు, చివర్లో పియానో, ఎక్కడా అరుపు లేదు. "ఇది వేరేవాళ్లు పాడారా?" అని ఆవిడ అడిగేది. "వాళ్లే మామ్" అని కొడుకు. వచ్చేవారం మళ్లీ అదే ప్రశ్న. అది మరుపు కాదని, కొడుకుతో ఆవిడ మాట్లాడే పద్ధతి అదని నాకు ఆలస్యంగా అర్థమైంది.

నాకు రెండో వైపు ఎక్కువ పట్టింది. 'ఎలక్ట్రిక్ ఫ్యూనరల్' అణుబాంబు గురించి. గిటారు కరిగి కారుతున్నట్టు ఉంటుంది. 'హ్యాండ్ ఆఫ్ డూమ్' బేసు ఒక్కటీ గొణుక్కుంటూ మొదలై మీదికి విరుచుకుపడుతుంది. వియత్నాం యుద్ధంలోంచి మత్తుమందు మరిగి వచ్చిన సైనికుల పాట. రాత్రి డ్యూటీల్లో సూది గాట్లతో నిండిన చేతులు చూసి వచ్చిన నాకు అందులో దెయ్యాలు ఎక్కడా కనపడలేదు. కనపడినవన్నీ మనుషులు చేసిన పనులే. వీళ్లను పిశాచాల బ్యాండు అని తిట్టినవాళ్లు మాటలు వినకుండా అట్ట చూసి తిట్టారని అప్పటి నుంచి నా గట్టి అభిప్రాయం.

*

ఎండాకాలంలో మామ్ వారం రోజులు చెల్లెలి దగ్గరికి వెళ్లింది. ఆ రాత్రి అతను రికార్డు తీసి, కాసేపు తటపటాయించి, "డాక్, నువ్వు ఈ పాట మొత్తం ఎప్పుడూ వినలేదు కదూ" అన్నాడు. ముల్లును అంచు మీద పెట్టాడు.

గిటారు నాలుగైదు సార్లు బరువుగా పడింది. దాని వెనక నుంచి సైరన్ లేచింది. కింది నుంచి మెల్లగా పైకెక్కి, దిగి, మళ్లీ ఎక్కే సైరన్.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకు తెలియదు. గది దాటి కిటికీ దగ్గరికి వెళ్లి కర్టెన్ రెండు రెక్కలూ దగ్గరికి లాగి, సందులోంచి వెలుతురు బయటికి పోతోందా అని చూస్తున్నాను. చేతులు వాటంతటవే ఆ పని చేస్తున్నాయి.

నాకు ఆరేళ్లప్పుడు, 1971 యుద్ధం. విశాఖ మహారాణిపేటలో మా ఇంటి కిటికీ అద్దాలన్నిటికీ అమ్మ మైదాపిండి జిగురుతో నల్ల కాగితాలు అంటించింది. సాయంత్రం అయ్యేసరికి ఊరంతా బ్లాకౌట్. సైరన్ మోగితే ఉన్న ఒక్క చిన్న దీపం కూడా ఆర్పేసేవాళ్లు. నాన్న పోర్టులో గుమస్తా. రాత్రి డ్యూటీకి వెళ్తే అమ్మ నన్నూ చెల్లినీ దగ్గరికి లాక్కుని గోడవారన కూర్చునేది. నా పని కర్టెన్ చూడటం. సందులోంచి వెలుతురు పోతే విమానం వాడికి మన ఇల్లు కనపడుతుందని అమ్మ చెప్పింది. మా ఇంటిని కాపాడే బాధ్యత నా మీదే ఉందని నేను మనస్ఫూర్తిగా నమ్మాను. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి ఒక పెద్ద మోత, అద్దాలు గలగలలాడాయి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన రేవు బయట మునిగిపోయిందని తర్వాత తెలిసింది. ఆ రాత్రి మాకు తెలిసింది మాత్రం నాన్న ఇంకా రాలేదని. తెల్లవారి సైకిల్ బెల్లు వినపడే దాకా అమ్మ నోరు తెరవలేదు.

అతను ముల్లు ఎత్తేశాడు. గది నిశ్శబ్దమైంది. "మామ్ కూడా ఇంతే" అన్నాడు. "ఆవిడ మెట్ల దగ్గరికి వెళ్తుంది."

అప్పుడు అర్థమైంది, పాతికేళ్లుగా ముల్లును అతను ఎందుకు లోపల పెడుతున్నాడో.

*

మామ్ తిరిగొచ్చాక కొడుకు చెప్పినట్టున్నాడు. ఒక మధ్యాహ్నం నన్ను వంటింట్లోకి పిలిచి టీ పోసింది. నా విశాఖ సంగతులన్నీ అడిగింది. కాగితాలు ఎలా అంటించారు, మైదా జిగురు ఊడిపోదా, చెల్లి ఏడ్చేదా. ఎవరూ నన్ను అవి అడగలేదు అంతకుముందు. తర్వాత లేచి, మెట్ల కింద ఉన్న చిన్న తలుపు తీసి చూపించింది. ఇప్పుడు అందులో ఇస్త్రీ బల్ల, చీపురు, పాత బూట్లు. పెళ్లికి ముందు కూడా ఆవిడ ఆ ఇంట్లోనే. అప్పుడది బొగ్గులు పోసుకునే అర. 1940లో సైరన్ మోగితే అమ్మా, ఇద్దరు అక్కాచెల్లెళ్లూ అందులో దూరేవాళ్లు. ఇల్లు కూలినా మెట్లు నిలబడతాయని అందరూ అనేవాళ్లట. వంగి చూశాను. లోపలి చెక్క మీద, కూర్చున్న మనిషి తల ఆనేంత ఎత్తులో, నునుపుగా అరిగి మెరుస్తున్న చోటు ఒకటి ఉంది. "అది నాది" అంది, వేలితో తాకి.

బర్మింగ్‌హామ్ మీద పడిన బాంబులకు 2,000 మందికి పైగా చనిపోయారు. నవంబరులో ఒక రాత్రి స్మాల్ హీత్‌లోని బీఎస్ఏ తుపాకుల ఫ్యాక్టరీ మీద పడితే ఒక్క చోటే 53 మంది కార్మికులు పోయారు. ఆ నలుగురు కుర్రాళ్లూ పుట్టింది యుద్ధం అయిపోయిన మూడు నాలుగేళ్లకు. వాళ్లు ఆడుకున్నది ఆ కూలిన ఇళ్ల శిథిలాల్లోనే. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పకుండా మింగేసింది పిల్లలు పాటలో పెట్టేశారు.

"పాట మంచిదే బాబ్," అంది మామ్, తలుపు మూస్తూ. "వాళ్లు ఆపద సైరన్ మోగిస్తారు. ఆల్ క్లియర్ మోగించరు. నాకు అది కావాలి."

ఆపద సైరన్ ఎక్కి దిగుతుంది. ఆల్ క్లియర్ ఒకటే స్వరం, ఎత్తుపల్లాలు లేకుండా సాగుతుంది. అది వినపడగానే మా అమ్మ అగ్గిపుల్ల గీసేది.

*

ప్లాబ్ పాసయ్యాను. ఉద్యోగాలు ఊరూరా తిప్పాయి. పెళ్లయ్యాక మా ఆవిణ్ణి తీసుకెళ్లి చూపిస్తే మామ్ ఆమెను కూడా 'బాబ్' అంది. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆవిడ నిద్రలోనే పోయింది. చర్చిలో కార్యక్రమం అయ్యాక ఇంటికి వచ్చాం. అతను ముందు గదిలోకి వెళ్లి, 'ప్లానెట్ క్యారవాన్' పెట్టాడు. గుమ్మం దగ్గర ఎవరూ నిలబడలేదు, ఎవరూ అటు అడ్డంగా నడవలేదు.

2007లో సాస్ ఫ్యాక్టరీ మూసేసి తయారీ నెదర్లాండ్స్‌కు మార్చారు. తర్వాత దాన్ని పడగొట్టారు. వెనిగర్ గొట్టం పోయింది, ఆస్టన్ గాలిలో చింతపండు పోయింది. ప్రెస్ షాపు అంతకు ముందే మూతపడింది. అతను ఇల్లు అమ్మేసి వేల్స్ సముద్రపు ఒడ్డుకు వెళ్లిపోయాడు. వెళ్లే ముందు మా ఇంటికి వచ్చి, బ్రౌన్ పేపర్లో చుట్టిన రికార్డు నా చేతిలో పెట్టాడు. వద్దన్నాను. "అక్కడ నాకు చెవులు సరిగా వినపడవు డాక్, ప్రెస్ తినేసింది" అన్నాడు. ఇచ్చేటప్పుడు కూడా రెండు అరచేతుల మధ్యనే పట్టుకున్నాడు.

*

2025 జూలై 5న విల్లా పార్క్‌లో బ్లాక్ సాబత్ ఆఖరి కచేరీ. నలుగురూ కలిసి, సొంత పేటలో. నాకు టికెట్ దొరకలేదు. అయినా కారు దూరంగా ఆపి పాత వీధికి నడిచి వెళ్లాను. ఆ ఇంటికి ఇప్పుడు వేరే రంగు తలుపు. గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని తలకు దుపట్టా కప్పుకున్న ఒక పెద్దావిడ, పక్కన మనవడు. వీధిలో చాలామంది అలాగే బయట కూర్చున్నారు.

సాయంత్రం ముదిరాక స్టేడియం లోపలి నుంచి సైరన్ లేచింది. రికార్డులో కాదు, ఆకాశంలో, ఇళ్ల కప్పుల మీదుగా, 1940లో వినపడిన ఆ వీధిలోనే. మనవడు చెవులు మూసుకున్నాడు. పెద్దావిడ వాణ్ణి దగ్గరికి లాక్కుని, నన్ను చూసి "ఏం జరుగుతోంది బాబూ?" అన్నట్టు చెయ్యి తిప్పింది. "పాట, పాటే, భయం లేదు" అన్నాను హిందీలో. నా చేతులు ప్యాంటు జేబుల్లో గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. స్టేడియంలో వేలమంది ఒక్క గొంతుతో అందుకున్నారు. ఓజీ నిలబడలేక సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడుతున్నాడని తర్వాత చూశాను. ఆఖరి పాట 'పారనాయిడ్'. పదిహేడు రోజులకు ఆయన లేడు.

*

బ్రాడ్ స్ట్రీట్ నుంచి వచ్చిన రాత్రి, మా ఆవిడ పడుకున్నాక, రికార్డు తీశాను. అట్ట అంచులు చిరిగి దారాలు వచ్చాయి. కత్తి మనిషి రంగు వెలిసిపోయాడు. సుడి మాత్రం తిరగగానే ఎప్పటిలాగే లోపలికి లాగింది.

ముల్లును అంచు మీద పెట్టాను. దీపం కింద వంగి చూస్తే తేడా కంటికే కనపడుతుంది: అంచు దగ్గర మొదటి కొద్దిపాటి గాళ్లు కొత్త రికార్డులా నల్లగా మెరుస్తున్నాయి, ఆ తర్వాతిదంతా బూడిదరంగు. గిటారు పడింది. సైరన్ లేచింది, ఒక్క గీత చప్పుడు లేకుండా, నిన్న స్టూడియోలోంచి వచ్చినట్టు. నేను లేవలేదు. కర్టెన్ సగం తెరిచే ఉంది, వీధి దీపం కనపడుతోంది.

నిమిషం గడిచాక సైరన్ దిగిపోయింది. టక్కుమని అతను పాతికేళ్లు ముల్లు దించిన చోటు వచ్చింది. అక్కడి నుంచి చిటపటలు మొదలయ్యాయి.